ట్రాక్టరు డీజిల్ ట్యాంకుకు చిల్లు పడిందా? వెల్డింగ్ చేయించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

రుషికొండ నుంచి భీమిలి దాకా సముద్రపు ఉప్పు గాలి తగిలే ఊళ్లలో ట్రాక్టర్లు, పవర్ టిల్లర్ల ఇనుప ట్యాంకులు త్వరగా తుప్పు పడతాయి. ట్యాంకు అడుగున, బిగింపు పట్టీ కింద, తడి మట్టి నిలిచే చోట సూదిమొన అంత చిల్లు పడి డీజిల్ చెమరుస్తుంది. దుక్కి పనులు ఆగిపోతాయని చాలామంది రైతులు డీజిల్ వంచేసి, ట్యాంకును నేరుగా రోడ్డు పక్క వెల్డింగ్ షాపుకు తీసుకెళ్తారు. ప్రమాదం జరిగేది ఇక్కడే.

ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం

మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. నిండు ట్యాంకులో ఆవిరికి చోటు తక్కువ. ఖాళీ చేసిన ట్యాంకులో ఆవిరి, గాలి కలిసి నిండి ఉంటాయి. 40 లీటర్ల ట్యాంకు పేలడానికి ఒక టీ చెంచాడు పెట్రోలు ఆవిరైతే చాలు.

డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదు కదా అని రైతులు అంటుంటారు. మన దేశంలో అమ్మే డీజిల్‌కు నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వచ్చే వేడి కనీసం 35 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. మే నెల ఎండలో ట్యాంకు రేకు అంతకంటే ఎక్కువే కాలుతుంది. పైగా, తుప్పు పొరల్లోను, రేకు అతుకుల్లోను ఇంకిన డీజిల్ వెల్డింగ్ వేడికి అప్పటికప్పుడు ఆవిరవుతుంది. కడిగిన ట్యాంకులు కూడా పేలడానికి కారణం ఇదే. వాసన రావడం లేదు కాబట్టి ఫర్వాలేదు అనుకోవద్దు.

ఈ ఆవిరి గాలికంటే బరువైనది, నేలబారుగా పాకుతుంది. 1997 సెప్టెంబరు 14న విశాఖలోని హెచ్.పి.సి.ఎల్. రిఫైనరీలో లీకైన వంటగ్యాసు కూడా అలాగే నేలమీద పరుచుకుని నిప్పంటుకుంది. సుమారు 60 మంది చనిపోయారు. మన ట్యాంకు చిన్నదే, కానీ సూత్రం ఒకటే. అందుకే డీజిల్ వంచే పని వెల్డింగ్ షాపులో పెట్టుకోవద్దు.

వెల్డింగ్ అవసరమా?

ముందు ఇది ఆలోచించండి. సూదిమొన చిల్లుకు తుప్పు గీకి, తుడిచి, పొడి రేకు మీద ఎపాక్సీ ముద్ద పెడితే కొన్నాళ్లు పని నడుస్తుంది. ఇది తాత్కాలికమే. అడుగు రేకు గోటితో నొక్కితే లొత్త పడేంత పలచబడితే వెల్డింగ్ కూడా నిలవదు, పక్కనే మరో చిల్లు పడుతుంది. అలాంటప్పుడు ట్యాంకు మార్చడమే చవక. పవర్ స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్ల ప్లాస్టిక్ పెట్రోలు ట్యాంకులను కాల్చి అతికించే ప్రయత్నం అసలే వద్దు, కొత్తది వేసుకోండి.

చేయించక తప్పకపోతే

ఈ పని మీరు సొంతంగా చేయవద్దు. ట్యాంకులు చేసిన అనుభవం ఉన్న మేస్త్రీ చేతే చేయించండి. ట్యాంకు ట్రాక్టరు మీద ఉండగా వెల్డింగ్ వద్దు. దించి, డీజిల్‌ను మూత ఉన్న క్యానులోకి వంచి దూరంగా పెట్టండి. మూత, ట్యాపు, గేజీ ఫ్లోట్ అన్నీ విప్పాలి. వేడినీళ్లు, సబ్బు పొడి పోసి బాగా కుదిపి పారబోయండి. నీటి మీద నూనె తెట్టు కనిపించనంత వరకు మళ్లీ మళ్లీ కడగండి. ఆ నీటిని చేనులోకి, బావి దగ్గరకు పోనివ్వద్దు. పెట్రోలుతో కడిగితే డీజిల్ ట్యాంకును పెట్రోలు ట్యాంకు చేసుకున్నట్టే. చాలాచోట్ల జరిగే తప్పు ఇది.

కడిగాక ట్యాపు రంధ్రం మూసి, చిల్లు పైకి వచ్చేలా ట్యాంకును నిలబెట్టి, చిల్లుకు ఒక అంగుళం కింద వరకు నీళ్లు నింపాలి. లోపల గాలికి చోటు ఎంత తగ్గితే అంత మంచిది. పై భాగంలో ఒక రంధ్రం తప్పక తెరిచి ఉండాలి, లేకపోతే నీటి ఆవిరికే ట్యాంకు పగులుతుంది. తెరిచిన రంధ్రానికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. కింద నేల తడిగా ఉంటే కరెంటు వెల్డింగ్ షాకు కొట్టవచ్చు. నీళ్లు నింపే వీలు లేని ఆకారమైతే ఆర్గాన్ లేదా నైట్రోజన్ వాయువు పట్టించి, వెల్డింగ్ అయ్యేవరకు ఆపకుండా పంపాలి. ఇది గాజువాక ఆటోనగర్ లాంటి చోట ఆ సదుపాయం ఉన్న షాపుల్లోనే చేయించుకోండి.

గ్యాస్ కటింగ్ సెట్‌లోని ఆక్సిజన్‌ను ట్యాంకులోకి ఊదనివ్వద్దు. అది మంటను పెంచుతుంది. ఇంజన్ సైలెన్సరు పొగ పట్టిస్తే చాలనే మాట కూడా నమ్మవద్దు. వట్టిగా తిరిగే డీజిల్ ఇంజన్ పొగలో ఆక్సిజన్ చాలానే మిగిలి ఉంటుంది.

నీళ్ల తొట్టి కోసం పాత ఆయిల్ డ్రమ్ములు కోయించే రైతులకూ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి.

వెల్డింగ్ అయ్యాక

అతుకు మీద సబ్బు నురగ రాసి, సైకిల్ పంపుతో కొద్దిగా గాలి కొట్టి బుడగలు వస్తున్నాయేమో చూడండి. కంప్రెసర్ గాలి పెడితే పలచని రేకు ఉబ్బి చిరుగుతుంది. తర్వాత ట్యాంకును ఒకటి రెండు రోజులు బోర్లించి పూర్తిగా ఆరబెట్టండి. లోపల నీటి చుక్క మిగిలితే డీజిల్ పంపు, ఇంజెక్టర్లు పాడవుతాయి. డీజిల్ ఫిల్టరు కొత్తది వేసి, మొదటి వారం రోజూ ఉదయం అతుకు చుట్టూ పొడి గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూసుకోండి.