ఉదయగిరి కోట తాళాలు ఎవరి చేతికిచ్చారు?

ఆత్మకూరులో బస్సెక్కి ఉదయగిరి వచ్చారనుకోండి, ఊరి వెనకాల గోడలా నిలబడ్డ కొండ కనిపిస్తుంది. ఎత్తు దాదాపు 3,000 అడుగులు. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ ఒక సెల్ఫీ తీసుకుని దిగొచ్చేశాను. ఆ కోటని ఏలిన రాయసం కొండమరుసయ్య పేరు అప్పటికి నాకు తెలీదు.

ముందు ముట్టడి సంగతి. ఈ కోట దగ్గరే సాళువ నరసింహరాయలు గజపతులకు బందీగా చిక్కి, కోట వదులుకుని బయటపడ్డాడు. చనిపోతూ కూడా దీన్ని తిరిగి గెలవమని చెప్పాడట. ఆ పని చివరికి శ్రీకృష్ణదేవరాయల మీద పడింది. 1513లో దండెత్తి వచ్చాడు. సినిమాల్లోలాగా ఒక్క పాటలో అయిపోలేదండీ! నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి తర్వాత రాసిన లెక్క ప్రకారం ఏడాదిన్నర పట్టింది. లోపల 10,000 మంది కాల్బలం, 400 మంది రౌతులు. పైకి దారి ఒక్కటే, అదీ ఒకరి వెనక ఒకరు నడిచేంత ఇరుకు. రాయలు పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి కొండలో కొత్త దారులు తీయించాడు. 1514లో కోట లొంగింది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్ళి 1515లో గుడిలో ప్రతిష్ఠించాడు.

సరే, ఇంత కష్టపడి గెలిచిన కోటని ఎవరికి అప్పజెప్పాలి? ఇప్పుడైతే గొప్ప సేనానికి మెడల్ ఇస్తారు. అప్పుడు సీమనే ఇచ్చేవాళ్ళు. ఉదయగిరి సీమ కొండమరుసయ్యకి దక్కింది.

ఆ ఇంటిపేరు చూశారా? రాయసం అంటే రాతకోతల కొలువు, రాజుగారి ఉత్తరాలు రాసే పని. కలం పట్టిన నియోగి బ్రాహ్మణుడు మంత్రి అయ్యాడు, సేనాని అయ్యాడు, దుర్గాధిపతి అయ్యాడు. ఇదేదో మొహమాటానికి ఇచ్చిన పదవి కాదు. దుర్గాలు బ్రాహ్మణుల చేతిలో పెట్టమని రాయలు ఆముక్తమాల్యదలోనే రాశాడు. ఆపద వచ్చినా, పారిపోయాడన్న మాట పడలేక నిలబడతాడని ఆయన లెక్క. నాకైతే ఇంకో కారణం కూడా కనిపిస్తోంది. కోట పట్టడానికి కత్తి చాలు. శిస్తు, ధాన్యం, జీతాల లెక్క తెలిసినవాడే దాన్ని నిలబెట్టగలడు.

మన జిల్లా శాసనాల్లో ఆయన పేరుంది. కొండ ఎక్కేవాళ్ళు మాత్రం ఆయన్ని తలుచుకోవడం నేనెక్కడా వినలేదు. ఈసారి వెళ్తే రెండు వాటర్ బాటిళ్ళు పట్టుకెళ్ళండి, ఎండ మామూలుగా ఉండదు.