అట్ట చాటున ఒక్కడే

2024 మే 13. పొద్దున తొమ్మిదైనా కాలేదు, కోస్తాలో ఓ జిల్లా పరిషత్ హైస్కూలు ఆవరణలో షామియానా కింద అప్పుడే ఉక్కపోత. మీరు ఓటర్ల వరసలో నిలబడి ఉన్నారు. మీ ముందు ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. ఇస్త్రీ చొక్కా, పై గుండీ దాకా పెట్టుకున్నాడు. ఓటరు చీటీని రెండు చేతులతో పట్టుకుని మాటిమాటికీ తల్లి వంక చూస్తున్నాడు.

"నా పేరు పిలుస్తారా అమ్మా?"

"పిలుస్తారు నాన్నా. గట్టిగా పలుకు."

వెనక నుంచి ఒకాయన అందరికీ వినపడేలా అన్నాడు: "వాడికేం తెలుసనమ్మా ఓటు? నెలనెలా పింఛనొస్తోందిగా, చాలదూ?" కొందరు నవ్వారు. తల్లి తల తిప్పలేదు. కుర్రాడు తిప్పాడు. ఆ మాట తన గురించేనని అతనికి తెలుసు. మేధోవైకల్యం ఉన్నవాళ్లకు ఇలాంటివి అర్థం కావని మనం అనుకుంటాం గానీ, అన్నిటికంటే ముందు అర్థమయ్యేవి ఇవే. వైకల్యం ఉన్న మనిషిని నలుగురిలో కావాలని అవమానిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. ఉక్కపోతలో వరసలో నిలబడ్డ తల్లి ఆ చట్టం ఎవరికి చదివి వినిపిస్తుంది?

ఆమె చెయ్యగలిగింది ఇంట్లోనే చేసి వచ్చింది. చెప్పుల అట్టపెట్టె మీద పార్టీల గుర్తులు గీసి, పక్కన నీలం గుండీలు అతికించింది. చీటీ ఇవ్వు, సంతకం పెట్టు, వేలు చాపు, లోపలికెళ్లు, గుర్తు వెతుకు, నొక్కు, కూత వినేదాకా ఆగు. రోజూ సాయంత్రం ఇదే పని. ఎవరికెయ్యాలో మాత్రం చెప్పలేదు. 1951-52లో తొలి ఎన్నికలప్పుడు, చదువురాని కోట్లాది జనం ఓటెయ్యాలని ఈ గుర్తులు పెట్టారు. చదవలేనివాడికి ఓటెందుకని ఆనాడు ఈ దేశం అనలేదు. ఇవాళ ఈ కుర్రాడికీ ఆ గుర్తులే దారి.

గదిలోకి వచ్చారు. మొదటి అధికారి పేరు చదివాడు. "ఉన్నా!" అరిచినంత గట్టిగా పలికాడు. బల్ల దగ్గరి పార్టీ ఏజెంటు లేచాడు.

"సార్, ఈ అబ్బాయికి మతి సరిగా లేదు. వాళ్లమ్మే నొక్కేస్తుంది."

ప్రిసైడింగ్ అధికారి తలెత్తాడు. మాటతీరు చూస్తే బడిపంతులే. "ఈ మనిషి ఆ మనిషి కాదంటారా? రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పండి, విచారిస్తాను. మతి సంగతి నన్నడక్కండి, మీరూ తేల్చకండి. మతిస్థిమితం లేదని కోర్టు తేల్చితేనే జాబితాలో పేరు పోతుంది. ఇతని పేరుంది." ఈపాటి చట్టం తెలిసిన అధికారి ప్రతి బూత్‌లోనూ ఉండాలి. ఉంటే ఎంతమంది తల్లులు వెనుదిరగకుండా ఉండేవారో!

ఎవరో అలవాటుగా వేలిముద్ర ప్యాడ్ జరిపారు. అతను పెన్ను తీసుకున్నాడు. తల ఓ పక్కకు వంచి, మూడక్షరాలు నింపాదిగా దిద్దాడు. ఎడమ చూపుడువేలి మీద సిరా పడింది. తల్లి అతని వెంట అడుగేసింది.

"మీరిక్కడే ఉండండమ్మా. కళ్లు కనపడనివాళ్లకీ, బటన్ నొక్కలేనివాళ్లకీ మాత్రమే తోడు వెళ్లాలి."

ఆవిడ ఆగిపోయింది. డాక్టరడిగినా, బ్యాంకువాళ్లడిగినా, చుట్టాలడిగినా ఇన్నేళ్లూ అతని బదులు జవాబు చెప్పింది ఆమే. ఇప్పుడామె చేతులకు పని లేదు. పైట కొంగు మెలిపెడుతోంది.

యంత్రానికి అడ్డుపెట్టిన అట్ట చాటున అతని కాళ్లు మాత్రమే మీకు కనిపిస్తున్నాయి. పార్లమెంటుకో యంత్రం, అసెంబ్లీకో యంత్రం. మొదటిది ఎంతకీ కూయదు. వరసలో గొణుగుడు మొదలైంది. మీ పాదం కూడా నేలను తడుతోంది, చూసుకున్నారా? ఇందాక ఒక ముసలమ్మ ఇంతకంటే ఎక్కువసేపే తీసుకుంది. అప్పుడెవరూ గొణగలేదు.

కాళ్లు కదల్లేదు. అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనపడుతుందని తల్లి చెప్పింది, అది కింద పడేదాకా చూస్తున్నాడు. కూత. తర్వాత రెండోది. మళ్లీ కూత.

బయటికి రాగానే ఇందాకటి ఆయనే అడిగాడు: "ఎవరికేశావురా?"

"చెప్పకూడదు."

తల్లికీ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. ఈలోగా ఆడవాళ్ల వరసలోంచి ఒకావిడ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, మా చెల్లెలూ ఇంతే. ముప్పై దాటాయి. పేరే రాయించలేదు మావాళ్లు. ఇప్పుడు రాస్తారా?"

"ఎందుకు రాయరూ! ఎన్నికలైపోనీ. ఫారం 6 నింపి మీ బూత్ అధికారి బీఎల్వోకివ్వు. వయసుకో కాగితం, అడ్రసుకో కాగితం. ఫొటో కావాలి, మంచి చీర కట్టించి తీయించు."

"బీఎల్వో ఎవరో తెలీదక్కా."

"అంగన్‌వాడీ టీచర్నడుగు. ఆవిడే అయ్యుండొచ్చు. కాకపోతే ఎవరో చెబుతుంది."