కోటలో కొలువైన చదువు

విజయనగరం కోట అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది కాలేజీ. రాజుల కోసం కట్టిన రాతికోట విద్యార్థుల ఇల్లు ఎలా అయిందో స్వర్ణోత్సవ వేళ ఒకసారి తలుచుకుందాం.

కోటకు 1713లో శంకుస్థాపన జరిగింది. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం, విజయరామరాజు పేరు, విజయనగరమనే ఊరు: ఇలా ఐదు విజయాలు కలిసొచ్చాయని పెద్దలు చెబుతారు. నలుచదరంగా, ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు. గోడల ఎత్తు పది మీటర్ల దాకా ఉంటుంది. నాలుగు మూలలా బురుజులు.

1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో చిన విజయరామరాజు కుంఫిణీ సేనల చేతిలో నేలకొరిగారు. అక్కడితో కోటకు యుద్ధాల పని తీరిపోయింది. తరువాతి ప్రభువులు చదువు వైపు తిరిగారు. 1857లో పెట్టిన బడి 1879 నాటికి కళాశాల అయింది. 1869లో కోటలోపల మోతీమహల్ దర్బారు వెలిసింది. జమీందారీలు పోయాక 1958లో పి.వి.జి. రాజు తండ్రి అలక్ నారాయణ గజపతి పేరిట మాన్సాస్ ట్రస్టు స్థాపించారు. దర్బారు నడిచిన ఆవరణలో క్లాసులు మొదలయ్యాయి.

పాత కట్టడంలో కొత్త కాపురం తేలిక కాదు. కరెంటు తీగలు, నీళ్ల గొట్టాలు, మరుగుదొడ్లు అన్నీ తరువాత అమర్చుకోవాలి. గోడ చెమ్మగిల్లితే మనం వెంటనే సిమెంటు పూస్తాం. పాత గోడలకు పడేది సున్నం. లోపలి తేమను అది బయటికి పోనిస్తుంది. సిమెంటు ఆ తేమను లోపలే పట్టి ఉంచుతుంది. గోడ నెమ్మదిగా గుల్లవుతుంది. పైకప్పు కారకుండా, వాననీరు పునాదుల దగ్గర నిలవకుండా ఏటా చూసుకోవడమే అసలు మరమ్మతు.

ఆ మోతీమహల్ ఇప్పుడు లేదు. శిథిలమైందని 2020లో కూల్చివేశారు. ఊళ్లో చాలామంది మనసు చివుక్కుమంది. పిల్లల తల మీద పెచ్చులూడే కప్పును ఉంచమని ఎవరూ అనలేరు. అయితే అంతదాకా రాకముందే పట్టించుకోవలసింది ఎవరు? అక్కడ చదివిన మనకూ అందులో వంతు లేదా?

ఏటా పైడితల్లమ్మ సిరిమాను మూడు లాంతర్ల నుంచి కోటదాకా మూడుసార్లు తిరుగుతుంది. ఈసారి జాతరకు వచ్చినప్పుడు కాసేపు ఆ గోడ దగ్గర నిలబడండి. తరువాత మన బడికి వచ్చి, పాత గదుల కప్పులు కూడా ఒకసారి తలెత్తి చూడండి.