మనోవ్యాధి మందులును జన్యుపరీక్షయు

ఒక మందు ఒకనికి గుణమిచ్చి మఱియొకనికి పడకపోవుట మన యిండ్లలో అందఱును ఎఱిగిన సంగతియే. "వాని ఒంటికి పడలేదు" అని చెప్పి యూరకుందుము. ఏల పడలేదని అడుగము. మనోవ్యాధి విషయమున ఈ యూరకుండుట మఱింత కఠినముగా పరిణమించుచున్నది. మందు మ్రింగి మగతతో కూలబడిన రోగిని సోమరి యందుము. ఎంత మ్రింగినను గుణము కానరానివాడు మందును చాటుగా పాఱవైచుచున్నాడని శంకింతుము. లోపము వాని స్వభావమునందు గాక పుట్టుకతో వచ్చిన శరీరధర్మమునందు ఉండవచ్చునని తేలుటకు చాల కాలము పట్టినది.

1902లో ఆర్చిబాల్డ్ గారడ్ అను లండను వైద్యుడు, మూత్రము నల్లబడు ఒక యరుదైన స్థితిని పరిశీలించి, అట్టి బిడ్డల తలిదండ్రులలో పలువురు తమలో తాము అన్నదమ్ముల, అప్పచెల్లెండ్ర బిడ్డలని గమనించెను. ఏ యిరువురి దేహములందును రసాయనక్రియ ఒక్కతీరున జరుగదనియు, మందులు కొందఱికి పడకపోవుట కూడ ఇట్టిదే కావచ్చుననియు ఆయన సూచించెను. మేనరికములు మెండైన మన నాట ఈ మాట చెవిని పెట్టవలసినది. చరకాదులు ప్రకృతిభేదమును చెప్పియే యుండిరి గదా, ఇందు క్రొత్త యేమున్నదని కొందఱు గర్వింతురు. మనిషి మనిషికి చికిత్స వేఱుగా నుండవలెనన్న బుద్ధి గొప్పదే. కాని ప్రకృతిని పేర్కొనుట వేఱు, మందు రక్తములో ఎంతసేపు నిలిచినదో కొలిచి చూపుట వేఱు.

ఈ కొలత మొదట సాగిన త్రోవలలో విద్యుచ్చికిత్స యొకటి. 1938లో రోము నగరమున చెర్లెట్టి, బీనీ యనువారు దీనిని ఆరంభించిరి. మూర్ఛ వచ్చునపుడు రోగి యెముకలు విఱుగుచుండుటచేత, 1950 తరువాతి యేండ్లలో కండరములను సడలించుటకు సక్సినైల్‌కోలిన్ అను మందును ఇయ్యసాగిరి. దాని ప్రభావము కొలది నిమిషములే. అయినను ఎక్కడనో యొకరికి గంటయు, అంతకు మించియు ఊపిరి తిరుగకుండెను. టొరాంటోలో వెర్నర్ కాలో దీని కారణమును శోధించి, ఆ మందును విఱుగగొట్టు రక్తపు ఎంజైము కొందఱిలో వంశానుగతముగా భిన్నరూపమున నున్నదని చూపి, దానిని గుర్తించు పరీక్షను 1957లో ప్రకటించెను. మందులకును వంశమునకును గల సంబంధమును విచారించు శాస్త్రమునకు 1959లో ఫోగెల్ ఫార్మకోజెనెటిక్స్ అని పేరిడెను.

ఈ కథ మన గడపకును వచ్చినది. ఆర్యవైశ్యులలో ఈ ఎంజైము బొత్తిగా లేనివారు ఇతరులలో కంటె ఎక్కువగా నున్నారని కోయంబత్తూరులో జరిగిన పరిశోధన 2006లో వెల్లడించెను. ఇది ఏ కులమునకును నింద కాదు. తరతరములుగా తమలో తామే వియ్యమందు ఏ సమాజమునందైనను ఇట్టివి పేరుకొనును. ఎంజైము లేనివారు నిత్యజీవితమున ఆరోగ్యముగనే యుందురు. శస్త్రచికిత్స బల్లమీదనో, విద్యుచ్చికిత్స వేళనో మాత్రమే ఆపద. ముందుగా తెలిసిన వైద్యుడు వేఱొక మందు వాడును. కాని పిల్ల పెండ్లికి అడ్డు వచ్చునని, రక్తసంబంధులకు ఒకనాడు మత్తుమందు వికటించిన సంగతి మత్తు వైద్యునికి కూడ చెప్పక దాచు కుటుంబములను ఏమనవలెను?

దిగులు వ్యాధి మందుల విషయము స్వీడనులో తేలినది. ఒకే మోతాదు మ్రింగిన రోగుల రక్తములో మందు పాళ్లు అనేక రెట్లు భేదించుచుండుటను షోక్విస్ట్, ఆయన సహచరులు 1967లో చూపిరి. 1969లో కవలలకు నార్ట్రిప్టిలీన్ ఇచ్చి చూడగా, ఏకరూప కవలలలో ఆ పాళ్లు ఇంచుమించు సమానముగా నుండెను. 1975లో లండనులో రాబర్ట్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు డెబ్రిసోక్విన్ అను రక్తపుపోటు మందును తానే మ్రింగి కూలబడెను. తోడి వారికేమియు కాలేదు. ఆ తేడాకు మూలమైన కాలేయపు ఎంజైమునకే పిదప సి.వై.పి.2డి6 అని పేరు. దిగులు మందులలో పెక్కింటిని హరించునదియు నిదియే. అది లేనివారిలో మందు పేరుకొనును. సాధారణపు మోతాదుకు అనేక రెట్లు ఇచ్చినగాని గుణము కానరాని యొక రోగిలో ఈ జన్యువు రెట్టింపై యున్నదని బెర్టిల్సన్, ఆయన సహచరులు 1993లో కనుగొనిరి. మందు పాఱవైచుచున్నారన్న నిందకు ఇంతకంటె సమాధానమేమి?

మూర్ఛకును ఉన్మాదమునకును వాడు కార్బమజెపీన్ కొందఱిలో చర్మమును కాల్చినట్లు ఊడ్చివేయును. తైవానులో 2004లో పరీక్షింపగా, అట్టి 44 మందిలో 44 మందికిని హెచ్.ఎల్.ఏ.-బి 1502 అను జన్యురూపముండెను. మందు పడిన 101 మందిలో ముగ్గురికే కలదు. అచ్చటనే 4,877 మందిని ముందుగా పరీక్షించి, ఆ రూపమున్నవారికి మందు మానిపింపగా, ఒక్కరికిని ఆ యాపద రాలేదని 2011లో ప్రకటించిరి. జన్యుపరీక్ష ఎంత మేలు చేయగలదో ఇంతకంటె స్పష్టముగా చూపిన నిదర్శనము మే మెఱుగము.

అంగడివారు దీనితో తృప్తిపడలేదు. ఏ మందు రోగి మనస్సును బాగుచేయునో తామే చెప్పెదమని, ఎఱుపు, పసుపు, పచ్చ రంగుల పట్టికలు అమ్మసాగిరి. ఇట్టి వాగ్దానములలో పెక్కింటికి ఆధారము చాలదని 2018లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ హెచ్చరించెను. 1,944 మంది మాజీ సైనికులపై అచ్చట జరిగిన పరిశోధన 2022లో వెలువడినది. పరీక్షాఫలితము చూచిన వైద్యులు జన్యువుతో పొసగని మందులను తగ్గించిరి; దిగులు తీఱినవారి సంఖ్య మాత్రము స్వల్పముగనే పెరిగెను. 24 వారములు ముగియునప్పటికి ఆ భేదము నిలువలేదు. మందు దేహములో ఎట్లు హరించునో జన్యువు చెప్పును. దుఃఖము ఎట్లు హరించునో చెప్పదు.

పోనీ, హరించుటనైనను జన్యువొక్కటే నిర్ణయించునా యనిన, అదియు లేదు. ఫ్లుయోక్సెటీన్ మ్రింగువానిలో సి.వై.పి.2డి6 చక్కగా నున్నను, ఆ మందే దానిని అణచివేయును. చుట్ట కాల్చువాని కాలేయము క్లోజపీన్‌ను త్వరగా హరించును. వాడు ఆసుపత్రిలో చేరి చుట్ట మానగానే అదే మోతాదునకు రక్తములో మందు పెరిగిపోవును. ఆ మార్పును రంగుల పట్టిక చూపదు. అందుచేత వైద్యునికడకు పోవు కుటుంబము పరీక్షాపత్రముతో పాటు రోగి మ్రింగు మందుల పేర్లన్నియు, ఆయుర్వేదపు లేహ్యములతో సహా, ఒక కాగితముమీద వ్రాసికొని పోవలెను. చుట్ట సంగతి కూడ అందు చేర్పవలెను.