కరుకెర: గ్వాడెలూప్ దీవి అసలు పేరు

ఈసారి కొంచెం దూరం పోదాం. కరీబియన్ సముద్రంలో గ్వాడెలూప్ అనే దీవి ఉంది. ఇప్పటికీ ఫ్రాన్స్ కిందనే ఉంది. పై నుంచి చూస్తే సీతాకోకచిలుక రెక్కలు చాచినట్టు ఉంటది. ఒక రెక్క చదును నేల, ఇంకోటి కొండలు, అడవి. ఆ అడవిలో 1467 మీటర్ల ఎత్తున్న లా సూఫ్రియేర్ అగ్నిపర్వతం ఉంది. 1976లో అది పొగలు కక్కితే 70 వేల మందికి పైగా ఊళ్ళు ఖాళీ చేసి పోవాల్సి వచ్చింది.

అక్కడి మూలవాసులు కలినాగోలు. వాళ్ళు ఆ దీవిని కరుకెర అన్నారు, అంటే అందమైన నీళ్ళ దీవి. 1493లో కొలంబస్ వచ్చి పేరు మార్చేశాడు. 1635లో ఫ్రెంచి వాళ్ళు దిగారు. యుద్ధాలయ్యాక 1660 ఒప్పందంతో కలినాగోలకు డొమినికా, సెయింట్ విన్సెంట్ దీవులు మాత్రమే మిగిలాయి.

చెరకు తోటలకు ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చారు. 1794లో బానిసత్వం రద్దయింది, 1802లో నెపోలియన్ మళ్ళీ తెచ్చాడు. లొంగిపోవడం ఇష్టం లేక డెల్‌గ్రే అనే నాయకుడు తన మనుషులతో కలిసి మందుగుండు పేల్చుకుని చనిపోయాడు. చివరికి 1848లో రద్దయింది. అప్పుడు తోటల్లో పనికి మనవాళ్ళను పట్టుకొచ్చారు. 1854 డిసెంబర్ 24న ఓరెలీ అనే ఓడలో మొదటి జట్టు దిగింది. 1889 వరకు సుమారు 42 వేల మంది వచ్చారు. ఎక్కువ మంది తమిళులు, తెలుగు వాళ్ళు కూడా ఉన్నారు. అక్కడే పుట్టిన వాళ్ళ పిల్లలకు కూడా ఓటు లేదు. హెన్రీ సిదంబరం అనే ఆయన 1904 నుంచి కోర్టుల్లో కొట్లాడితే 1923లో హక్కు వచ్చింది.

మరి కలినాగోలు ఏమయ్యారు? పక్కనున్న డొమినికాలో ఇప్పటికీ ఉన్నారు. 1903లో వాళ్ళకు 3700 ఎకరాలు కేటాయించారు. ఆ భూమి అందరిదీ, ఎవరూ బయటివాళ్ళకు అమ్మడానికి లేదు. ఒకే చెట్టు మొద్దుతో పడవ చెక్కే పని ఇప్పటికీ వాళ్ళ చేతుల్లో ఉంది. 2023లో ఆ జాతి ఆడబిడ్డ సిల్వనీ బర్టన్ దేశాధ్యక్షురాలు అయింది.

మన నల్లమల గూడేలకు దీంతో ఏం పని అనుకోవద్దు. మన 2006 అటవీ హక్కుల చట్టంలో కూడా సామూహిక హక్కు ఉంది. పట్టా భూమి పిల్లలకు వస్తది, అమ్మడానికి లేదు. దరఖాస్తు మొదలయ్యేది గ్రామసభ దగ్గరే. ఆ సభలో మన వాగులు, కుంటలు, తేనె తీసే చోట్లు పెద్దోళ్ళు పిలిచే పేర్లతో చెప్పాలి, రాయించాలి. ఆ పేర్లు ఇప్పుడు పెద్దోళ్ళ నోట్లోనే ఉన్నాయి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోట్‌బుక్ తీసుకుపోండి.