వలందావారి వీధి, మన వీధి

పోయిన నెల మా వీధి మొదట్లో వేసిన స్పీడ్ బ్రేకర్‌ని వారం తిరక్కుండానే తవ్వేశారు. వేయించమని అడిగిందీ మేమే, తీసేయమన్నదీ మేమే. మావారు ఇప్పటికీ నవ్వుతున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను భీమవరం కాపురానికి వచ్చిన కొత్తలో మా వీధిలో పొద్దున్నే పాలవాడి సైకిలు, పదింటికి కూరల బండి, అంతే. ముగ్గు మధ్యాహ్నం దాకా చెరగకుండా ఉండేది. మా పెద్దాడు సైకిలు నేర్చుకున్నది ఈ వీధిలోనే. ఇప్పుడు పెద్ద రోడ్డు మీద రద్దీ అని బైకులన్నీ మా వీధిలోంచే దూసుకుపోతున్నాయి. గునుపూడి సోమేశ్వరస్వామి గుడికి రోజూ నడిచి వెళ్ళే మా అత్తయ్యగారు మానేశారు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి స్కూలు కిలోమీటరున్నర కూడా లేదు, అయినా ఆటోలోనే పంపుతున్నాను. దాని సైకిలు వరండాలో తుప్పు పడుతోంది.

ఇది మన ఒక్క ఊరి బాధేనా అని చదవడం మొదలుపెట్టాను. బండి వేగానికి కళ్ళెం వేయాలన్న ఆలోచన చాలా పాతదేనట. ఇంగ్లండులో 1865 నాటి చట్టం ప్రకారం యంత్రంతో నడిచే బండికి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. ఊళ్ళో గంటకు 2 మైళ్ళు మించకూడదు. 1896లో తేలిక బండ్లకు ఆ కట్టు సడలించారు. ఆ తర్వాత వీధి మెల్లగా బండ్లదైపోయింది, మనుషులు పక్కకు తప్పుకోవడం నేర్చుకున్నారు.

దాన్ని మళ్ళీ మనుషులకు ఇప్పించినవాళ్ళు డచ్చివాళ్ళు. మనకు కొత్తవాళ్ళేం కాదు. పాలకొల్లులో ఒకప్పుడు వాళ్ళ వర్తక స్థావరం ఉండేది. మనవాళ్ళు వాళ్ళని వలందావారు అనేవారు, బందరులో వలందపాలెం ఆ పేరే. వాళ్ళ నేల కూడా మన డెల్టా లాగే పల్లం, కాలవలూ గట్లూ. సైకిలు తొక్కడానికి ఇంతకంటే అనువైన నేల ఏముంటుంది!

అయితే అక్కడ కూడా కార్లు పెరిగి 1971 ఒక్క ఏడాదిలోనే రోడ్ల మీద సుమారు 3,300 మంది పోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక పత్రికా రచయిత రాసిన వ్యాసం పేరుతోనే 1972లో ఉద్యమం పుట్టింది. ఆ పేరుకి అర్థం 'పిల్లల హత్యలు ఆపండి' అని. దాని తొలి అధ్యక్షురాలు మార్త్యె వాన్ ప్యూటెన్, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉండే ఒక చిన్న వయసు తల్లి. వీధికి అడ్డం కట్టి, బల్లలు వేసుకుని, ఇరుగుపొరుగంతా కలిసి అక్కడే భోజనాలు చేసేవారట. ఆవిడే తర్వాత యూరోపియన్ పార్లమెంటుకు వెళ్ళారు.

అదే దేశంలో డెల్ఫ్ట్ ఊరివాళ్ళు 1960ల చివర్లోనే వీధిని వంకర్లు తిప్పి, చెట్లూ బెంచీలూ పెట్టి, కారు మనిషి నడకతో పోవాల్సినట్టు చేశారు. అలాంటి వీధిని 'వూనెర్ఫ్' అన్నారు. మన మాటలో చెప్పాలంటే వాకిలి! 1976లో ప్రభుత్వం దానికి చట్టం చేసింది.

మన దేశంలో కూడా 2006 జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలను కాదు, మనుషులను కదిలించాలనే చెప్పింది. 2020లో స్టాక్‌హోమ్‌లో కలిసిన దేశాలు, జనమూ బండ్లూ కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు చాలన్నాయి. 2021లో హైదరాబాదులో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్‌ని బండ్లకు మూసి జనానికి వదిలారు. కానీ ట్యాంక్‌బండ్ షికారుకు వెళ్ళే చోటు. మన పిల్లలు రోజూ గడప దాటి అడుగుపెట్టేది మన వీధిలోనే కదా!

ఇక మా స్పీడ్ బ్రేకర్. అడగ్గానే ఎవరో ఇంత సిమెంటు పోసి గట్టు కట్టేశారు. మూడో రోజు దాని మీద స్కూటరు ఎగిరి పక్కింటి పిన్నిగారు పడ్డారు. చెయ్యి విరిగింది. అప్పుడుగానీ దానికీ కొలతలుంటాయని తెలియలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. బండి 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటాలి, అంతకు మించితేనే ఎగరాలి. ముందే హెచ్చరిక బోర్డు, పైన తెల్ల చారలు కూడా ఉండాలి. ఆవిడ్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు నాకు తల ఎత్తాలనిపించలేదు. అడిగినవాళ్ళలో నేనే ముందున్నాను మరి.

ఈసారి కొలతలతో సహా అర్జీ రాశాం. మొదటి సంతకం పిన్నిగారిదే, ఎడం చేత్తో పెట్టారు. అర్జీ సంగతి తేలేదాకా ఆదివారం పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా వీధికి అటూ ఇటూ రెండేసి కుర్చీలు వేస్తున్నాం. కుర్చీల్లో మేమే కూర్చుంటాం, అవసరమైన బండి వస్తే లేచి దారిస్తాం. మొదటివారం ఇద్దరు ముగ్గురు విసుక్కున్నారు. రెండోవారం వాళ్ళ పిల్లలే సైకిళ్ళు తెచ్చారు.

మా అమ్మాయి సైకిలుకి చైను మార్పించాం. బడికి దాని మీద పంపే ధైర్యం నాకింకా రాలేదు. అత్తయ్యగారు మాత్రం మొన్న ఆదివారం గుడికి నడిచే వెళ్ళొచ్చారు.