కబ్బాలా: పుచ్చుకున్నది

జెరూసలేంలో ఏదైనా కొని డబ్బు కట్టాక దుకాణదారు చేతిలో పెట్టే రసీదు పేరు కబ్బాలా. హోటల్లో రిసెప్షన్‌కూ అదే మాట. యూదుల లోతైన ఆధ్యాత్మిక విద్య పేరూ అదే.

హీబ్రూలో క-బ-ల ధాతువుకు పుచ్చుకోవడమని అర్థం. కబ్బాలా అంటే పెద్దల నుంచి పుచ్చుకున్నది, పరంపరగా వచ్చినది. యూదుల ధర్మశాస్త్ర సంకలనమైన తాల్ముద్‌లో ఈ మాటకు రహస్యార్థమేమీ లేదు. మోషే అయిదు గ్రంథాలైన తోరా తరువాతి ప్రవక్తల గ్రంథాలను అలా పిలిచేవారు. 13వ శతాబ్దికి ప్రొవాన్స్, స్పెయిన్ సాధకుల వల్ల అది వారి మార్గానికే పేరుగా స్థిరపడింది. ఆ శతాబ్ది చివర్లోనే స్పెయిన్‌లో ఆ మార్గపు ముఖ్య గ్రంథం 'జోహర్' వెలుగు చూసింది.

ఆ విద్యను రోజువారీ బతుకులోకి దించినవారిలో గలిలయలోని సఫెద్ గురువులు ముఖ్యులు. ఇసాక్ లూరియా 1570లో అక్కడికి వచ్చి, 1572లో 38 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన బోధను శిష్యుడు హయీమ్ వితాల్ రాసిపెట్టారు. దివ్యకాంతిని పుచ్చుకున్న పాత్రలు ఆ ధాటికి తాళలేక పగిలాయట. చెదిరిన వెలుగు రవ్వలను మనిషి తన నిత్యకర్మల్లోంచే ఏరి పైకెత్తాలట. ఈ బాగుచేతే తిక్కూన్. కాబట్టి రొట్టె ముక్క నోట పెట్టుకునే ముందు చెప్పే చిన్న ప్రార్థనలోనూ మనసు నిలపాలి. ఆ నిలపడాన్ని కవ్వనా అంటారు. ఎంత గొప్ప ఊహ! శుక్రవారం సాయంత్రం సబ్బాతుకు స్వాగతం పలికే 'కబ్బలత్ షబ్బత్' ప్రార్థన రూపుదిద్దుకున్నదీ సఫెద్‌లోనే.

క-బ-ల ధాతువుకు అరబీలో తోబుట్టువు ఉంది. హైదరాబాద్ నిఖాల్లో వినిపించే 'కబూల్' అదే. 1802 నాటి శాశ్వత శిస్తు నిబంధన కింద సర్కారు జిల్లాల జమీందార్లు రాసిచ్చిన ఒప్పుదల పత్రం పేరు కబూలియత్.